తిరగేసిన జేబులు

కర్నూలులో పాత నాణేలు కూడబెట్టేవాళ్ళం నెలకొక ఆదివారం ఒకచోట కలుస్తాం. పెళ్ళిపత్రికలు అచ్చువేసే షాపు మీద ఒక పాత హాలుంది, అది మాకు ఇస్తారు. బల్లలు వరసగా వేసుకుని, వాటి మీద గుడ్డలు పరుచుకుని, ఎవరి సరుకు వాళ్ళు పెట్టుకుంటాం. కొందరు అమ్ముకోవడానికి వస్తారు, కొందరు కొనడానికి, నాలాంటివాళ్ళు మాట్లాడటానికి.

నేను ఒక జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మైక్రోస్కోపులో కన్ను పెట్టి బతికాను. రిటైరయ్యాక ఆ కంటికి పని కావాల్సి వచ్చిందేమో, కుంపిణీ కాసుల్లో పడ్డాను. ఈస్టిండియా కంపెనీని మా తాతలు కుంపిణీ అనేవాళ్ళు. ఆ కుంపిణీ మద్రాసులో కొట్టించిన రాగి కాసులు మా సీమ పల్లెల్లో ఇప్పటికీ అప్పుడప్పుడు బయటపడుతుంటాయి. ఒకవైపు పార్సీ రాత, రెండోవైపు తెలుగు, అరవం. వాటిలో ఒక్కటి కూడా నిండుగా ఉండదు. చేతులు మారి మారి, మట్టిలో నాని, బిళ్ళలా నున్నగా అరిగిపోయి ఉంటుంది.

నాకు పేరు తెచ్చిపెట్టిన విద్య ఆ అరిగిన బిళ్ళ ఏ అచ్చులోంచి వచ్చిందో చెప్పడం. అచ్చు అంటే ఉక్కు దిమ్మ మీద అక్షరాలు తిరగేసి చెక్కిన ముద్ర. రాగి మీద కొట్టగా కొట్టగా అది పగిలిపోతుంది. అప్పుడు ఇంకొకటి చెక్కుతారు. చెక్కేవాడి చెయ్యి మారిందంటే అక్షరమూ మారుతుంది. 'కాసు' అనే మాటలో ఒకడు 'సు' కొమ్మును కాసు అంచు చుట్టూ ఉండే చుక్కల దాకా లాగుతాడు, ఇంకొకడు కురచగా మడిచి వదిలేస్తాడు. మాలో మేము వాటిని పొడుగు కొమ్ము, పొట్టి కొమ్ము అని పిలుచుకుంటాం. పొడుగు కొమ్ముది ఎక్కడైనా దొరుకుతుంది. పొట్టి కొమ్ముది అరుదు. ఆ అచ్చు తొందరగా పగిలినట్టుంది, కొమ్ము దగ్గర నుంచి అంచు వైపు వెంట్రుకంత గీత ఒకటి ఉబ్బి కనిపిస్తుంది.

కనిపిస్తుంది అన్నాను గానీ, మామూలు వెలుతురులో ఏమీ కనిపించదు. కాసును బల్ల మీద పెట్టి, టార్చిలైటు పక్కనుంచి బాగా వాలుగా పట్టాలి. అప్పుడు అరిగిపోయిందనుకున్న అక్షరానికి సన్నగా నీడ పడుతుంది. అదీ చాలకపోతే చాక్లెట్ చుట్టిన వెండిరేకు తీసుకుని కాసు మీద పరిచి, రబ్బరుతో మెల్లగా ఒత్తాలి. రాగి మీద కనపడనిది రేకు మీద తేలుతుంది. ఈ పని నాలాగా చేసేవాళ్ళు కర్నూలు, కడప జిల్లాల్లో లేరని అందరూ అనేవాళ్ళు. వాళ్ళు అనడం సరే, నేనూ నమ్మాను.

నా దగ్గర సొంతంగా ఒక పొడుగు కొమ్ము కాసు ఉంది. తొలకరి పడగానే తుగ్గలి దిక్కున జనం పొలాల్లో వజ్రాల కోసం వెతుకుతుంటారు. ఒక ఏడాది నేనూ సరదాకి పోయి, వంగి వంగి నడుం పట్టేసి, వజ్రం బదులు ఆ కాసు తెచ్చుకున్నాను. దానికి విలువేమీ లేదు. కానీ ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉంచుకునేవాణ్ణి. ఎవరికైనా పాఠం చెప్పాలంటే తీసి చూపించేవాణ్ణి.

ఇక నా కళ్ళ సంగతి. కుడికంట్లో శుక్లం పెరుగుతోందని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ చేయించుకొమ్మన్నాడు. భయం వేసి వాయిదా వేస్తూ వచ్చాను. మా ఆవిడకు తెలుసు, హాలులో వాళ్ళకు తెలియదు. తెలియనివ్వలేదు. కన్ను మసకబారిందని తెలిస్తే ఇంక నా దగ్గరికి ఎవరొస్తారు?

నేను చెప్పబోయే ఆదివారం ఒకామె తన కూతురితో కలిసి హాలుకు వచ్చింది. యాభై దాటిన మనిషి. వాళ్ళది కడప జిల్లా మాధవరం, చీరలు నేసే కుటుంబం. కూతురు కర్నూలులో కాపురముంటోంది. మా కలయికల గురించి ఆ అమ్మాయి ఫోనులో చూసి, తల్లిని వెంటబెట్టుకొచ్చింది. ఎవరో నా వైపు చూపించారు. ఆమె కొంగు ముడి విప్పి, ఒక రాగి కాసు తీసి నా ముందు పెట్టింది.

"ఇది మా బోణీ కాసు సార్. మా అత్త కాలం నుంచీ ఉండాది. పొద్దున మొదటి చీర అమ్ముడుపోతానే దీన్ని కండ్లకద్దుకుంటాం. దీని మీద ఏం రాసుండాదో మా ఇంట్లో ఎవురికీ తెలీదు. తెలుసుకుందామని వస్తిమి."

అన్నేళ్ళు కళ్ళకద్దుకుంటే ఏం మిగులుతుంది? అద్దంలా అరిగిపోయింది. నా జేబులోంచి నా కాసు తీసి దాని పక్కన నల్లగుడ్డ మీద పెట్టాను. రెండూ ఒకే తీరు, ఒకే సైజు. నలుగురూ చుట్టూ మూగారు. మూగితే నాకు హుషారు. భూతద్దం కంటికి పెట్టుకుని అటూ ఇటూ తిప్పాను. టార్చి తీయలేదు, రేకు తీయలేదు. అవి లేకుండానే చెప్పగలనని చూపించుకోవాలి కదా. మసక మసకగా ఏదో కొమ్ములా అనిపించింది.

"ఇది మామూలుదేనమ్మా. పొడుగు కొమ్ము. ఇదిగో నాది కూడా అట్లాంటిదే" అన్నాను. తర్వాత కుంపిణీ గురించి, మద్రాసు టంకశాల గురించి పాఠం మొదలుపెట్టాను. ఆమె అడిగింది దాని మీద ఏం రాసుందని. ఆ ఒక్క మాట తప్ప అన్నీ చెప్పాను. ఇంతలో టీ వచ్చింది. ఎవరో ఏదో అడిగారు. నేను జవాబు చెబుతూనే కాసు తీసి జేబులో వేసుకున్నాను, భూతద్దాన్ని దాని పెట్టెలో పెట్టేసుకున్నాను, గ్లాసు అందుకుని కిటికీ దగ్గరికి నడిచాను.

టీ తాగి వచ్చేసరికి ఆమె బల్ల దగ్గరే నిలబడి ఉంది.

"సార్, నా కాసు?"

"అక్కడే పెట్టానమ్మా."

నల్లగుడ్డ మీద ఏమీ లేదు. గుడ్డ ఎత్తి దులిపాం. బల్ల కిందకు వంగాం. కుర్చీలు జరిపాం. కూతురు మోకాళ్ళ మీద కూర్చుని నేలంతా చేత్తో తడిమింది. కాసు లేదు. ఆ అమ్మాయి లేచి నిలబడేసరికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. తల్లిని ఇక్కడికి తీసుకొచ్చింది తనే కదా.

"ఏడవద్దులేమ్మా. యాడికి పోతాది? ఈడే యాడో ఉంటాది" అంది తల్లి. కానీ ఆమె ముఖం తెల్లబోయింది.

నా బల్ల దగ్గర, నేను ఉండగా, ఒక ఇల్లాలి వస్తువు పోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ కోపం ఎవరిమీదనైనా చూపాలి. అటు చూస్తే మంత్రాలయం నుంచి వచ్చే వ్యాపారి మూట కట్టుకుంటున్నాడు.

అతను మఠానికి వెళ్ళే దారిలో చిన్న అంగడి పెట్టుకుని యాత్రికులకు పూసలదండలు, స్వామి పటాలు అమ్ముతాడు. ఒక పళ్ళెంలో పాత నాణేలు కూడా పెడతాడు. వాటిలో కొన్ని పోతపోసిన నకిలీలు. అందుకని నాకు మొదటినుంచీ అతనంటే చులకన. పాఠం చెబుతున్నప్పుడు నా భుజం పక్కనే నిలబడి చూశాడు. ఇప్పుడు అందరికంటే ముందు వెళ్ళిపోతున్నాడు. ఇంకేం కావాలి?

"ఏమప్పా, అప్పుడే పోతాండావు?" అన్నాను.

"బస్సుకు టైమైంది సార్. ఇది పోతే మళ్ళీ ఎమ్మిగనూరులో కాచుకోవాల."

"కాసు దొరికేదాకా ఎవరూ కదలొద్దు."

ఎవరూ అన్నాను, చూసింది మాత్రం అతన్నే. హాలంతా నా చూపు వెంట అతని వైపు తిరిగింది.

"ఆ మూట విప్పప్పా" అన్నాను.

అతను ఒకసారి అందరినీ చూశాడు. డోనులో ఉండే ఒక రిటైర్డు రైల్వే గార్డు మా అందరికీ పెద్దదిక్కు, నాకు స్నేహితుడు. ఆయనైనా వద్దంటాడని అనుకున్నాడేమో, ఆయన వైపు కాస్త ఎక్కువసేపు చూశాడు. ఆయన ఏమీ అనలేదు. వ్యాపారి మూటను బల్ల మీద పెట్టి విప్పాడు. నాణేల డబ్బాలు, పూసలదండలు, ఒక తువ్వాలు, పేపర్లో చుట్టిన చిత్రాన్నం పొట్లం. అన్నీ ఒక్కొక్కటిగా బయట పెట్టాడు. రాగి నాణేల డబ్బాలో నేను చెయ్యి పెట్టి కెలికాను. ఎవరూ కెలకమనలేదు. చిత్రాన్నం పొట్లాన్ని కూడా వేళ్ళతో నొక్కి చూశాను.

"జేబులు?" అన్నాను.

అతను చొక్కా జేబు తిరగేశాడు. ప్యాంటు జేబులు రెండూ బయటికి లాగాడు. బస్సు టికెట్టు, మాత్రల అట్ట, చేతిరుమాలు. అంతే. లాగిన జేబులను మళ్ళీ లోపలికి తోసుకోలేదు. అట్లాగే వేలాడుతూ ఉండగా నిలబడి నాతో అన్నాడు:

"మీ జేబు గూడా సూడండి సార్."

నాకు నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాను. "నా జేబా?"

"ఎవురూ కదలొద్దని మీరే అంటిరి కదా సార్. ఆ ఎవురిలో మీరు గూడా ఉండారు."

నేను జేబులోంచి కాసు తీసి అరచేతిలో పెట్టి చూపించాను. "ఇది నాది. ఇక్కడ అందరికీ తెలుసు."

"అది మీదేనని ఎట్ల తెలుస్తాది? రెండూ అరిగినవే కదా సార్."

అప్పుడు రైల్వే గార్డు నోరు విప్పాడు. "ఆయప్ప అడిగేదాంట్లో తప్పేం లేదు సార్. ఏ అచ్చో చెప్పేది మీ విద్యేనాయె. ఒక్క నిమిషం చూసి చెప్పేయండి, అయిపోతాది."

అంతకంటే ఏం కావాలి? సంచిలోంచి టార్చి తీశాను. వెండిరేకు, పెట్టెలోంచి భూతద్దం తీశాను. కిటికీ తలుపు మూయించాను. ఒకాయన ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. మూట విప్పినప్పటి నుంచీ తీస్తూనే ఉన్నాడని తర్వాత తెలిసింది. చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టాను. "చూడప్పా, నాది పొడుగు కొమ్ము. కొమ్ము కొస అంచు చుక్కలను తాకుతుంది. చూస్తే నీకే అర్థమవుతుంది." ఆమెదీ పొడుగు కొమ్మేనని ఇందాక నేనే చెప్పిన సంగతి నాకూ గుర్తు రాలేదు, వాళ్ళకూ రాలేదు. అట్లా చెబుతూనే కాసును బల్ల మీద పెట్టి, టార్చి వాల్చి, బాగున్న ఎడమకన్ను అద్దానికి ఆనించాను.

కొమ్ము చుక్కలను తాకలేదు.

టార్చి రెండోవైపు నుంచి పట్టాను. నీడ మారింది గానీ కొమ్ము పెరగలేదు. పొట్టిగా మడిచి ఉంది. దాని పక్కనుంచి అంచు వైపు వెంట్రుకలాంటి గీత. వేలితో తుడిచి మళ్ళీ చూశాను. రేకు పరిచి ఒత్తాను. రేకు మీద ఆ గీత ఇంకా తేటగా లేచింది. నా జేబులోంచి తీసింది నా కాసు కాదు. అది ఆమె బోణీ కాసు. పైగా నేను మామూలుదని తేల్చేసిన ఆ కాసు మామూలుది కానే కాదు.

అప్పుడు నా మనసులో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ హాలులో ఆ గీతను చూసి అర్థం చేసుకోగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. అందరూ రేకు వైపు చూస్తున్నారు గానీ వాళ్ళకు అది వట్టి ముడతల కాగితం. "ఇదిగో, పొడుగు కొమ్ము" అని నేను అంటే సరిపోయేది. అంతా తలలూపేవాళ్ళు. గార్డు "చెప్పలే?" అనేవాడు. ఆ మాట నా నోటి చివరిదాకా వచ్చింది. భూతద్దం మీద నుంచి తల ఎత్తలేకపోయాను. వంగి ఉన్న నాకు కనిపించిందల్లా బల్ల అంచుకు అవతల వేలాడుతున్న రెండు తెల్లటి జేబు సంచులు. అతనింకా వాటిని లోపలికి తోసుకోలేదు.

"ఏం సార్?" అన్నాడు గార్డు.

"ఇది నాది కాదు. అమ్మది" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. "పొరపాటున ఆమె కాసు నేనే జేబులో వేసుకున్నాను."

మరి నాదేదీ? భూతద్దం పెట్టె తెరిచి లోపలి మెత్తటి గుడ్డ ఎత్తితే దాని కింద ఉంది. టీ అందుకునే తొందరలో అద్దంతో పాటు దాన్నీ గుడ్డతో కలిపి పెట్టెలో తోసేసి ఉంటాను.

ఆమె రెండు చేతులతో తన కాసు అందుకుంది. కళ్ళకద్దుకుంది. "పొరపాటు సార్, ఎవురికైనా అయితాది" అంది. తర్వాత, ఇంకేమీ జరగనట్టు, "ఇంతకీ దీని మీద ఏం రాసుండాది సార్?" అని అడిగింది.

"కాసు అని రాసుందమ్మా" అన్నాను. "ఇందాక మామూలుదన్నాను. కాదు. అరుదైనది. జాగ్రత్తగా పెట్టుకో."

"మాకు ఎప్పుడూ అరుదైనదే సార్" అంది, కూతురి చెయ్యి పట్టుకుని.

ఆ తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అందరూ నన్ను మెచ్చుకోవడం మొదలుపెట్టారు. "ఎవరికీ తెలియకపోయినా చెప్పినారు చూడండి, అదీ మనిషంటే" అన్నారొకరు. ఇంకొకరు నా భుజం తట్టారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. ఆ సందట్లో వ్యాపారి తన దండలు, డబ్బాలు సర్దుకుంటున్నాడు. చిత్రాన్నం పొట్లం నేను నొక్కినచోట పిగిలి మెతుకులు బల్ల మీద పడ్డాయి. వాటిని అరచేత్తో ఊడ్చి పేపర్లోకి ఎత్తుకున్నాడు. ఎవరూ అతన్ని చూడలేదు. నేను చూశాను, చూసీ దగ్గరికి పోలేదు. చుట్టూ పొగిడేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మధ్యలోంచి లేచి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు.

మూట భుజాన వేసుకున్నాక అతనే అడిగాడు. "ఇంక నేను పోవచ్చా సార్?"

తల ఊపాను. దానికి మించి ఏమీ చెయ్యలేదు.

ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ ఆ వీడియో చూసేసింది. మా నాణేలవాళ్ళ ఫోను గ్రూపులో ఉన్న ఎవరి భార్యో ఆమెకు పంపిందట. "నిజాయితీకి నిలువెత్తు రూపం" అని దాని కింద ఎవరో రాశారు. నేను చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తుంటే అంది:

"నేనూ మొత్తం చూసినా. ఆయప్ప జేబులు తిరగేస్తాంటే నీకేమీ అనిపించలేదా?"

"అప్పుడు వాడే తీశాడనుకున్నాను."

"అనుకుంటివి సరే. కాదని తెలిసినాక?"

ఆమె అంతటితో వదల్లేదు. "కన్ను కనపడదని ఆ పొద్దు వాళ్ళతో ఒక్క మాట చెప్పుంటే ఇదంతా ఉండునా?" అంది.

కొన్నాళ్ళు ఆ వీడియో అటూ ఇటూ తిరిగింది. నాకు ఫోన్లు వచ్చాయి, పొగడ్తలే అన్నీ. ఒక్కో ఫోను పెట్టేసినప్పుడల్లా ఒంటికి ఏదో పూసినట్టు ఉండేది. చివరికి ఒకరోజు పొద్దున్నే బస్సెక్కి మంత్రాలయం వెళ్ళాను.

అంగడి కనుక్కోవడం కష్టం కాలేదు. తుంగభద్రలో స్నానాలు చేసి తడిబట్టలతో వస్తున్న యాత్రికులు గుంపులు గుంపులుగా నిలబడి బేరాలాడుతున్నారు. అతను కన్నడంలో ఒకరితో, తెలుగులో ఒకరితో మాట్లాడుతూ దండలు ఇస్తున్నాడు. నన్ను చూశాడు. ముఖంలో ఏ మార్పూ లేదు.

"మఠానికి వస్తిరా సార్?"

"నీ కోసమే వచ్చానప్పా."

రద్దీ తగ్గేదాకా పక్కనే నిలబడ్డాను. తర్వాత అతను ఒక స్టూలు జరిపాడు. నేను కూర్చోలేదు. బస్సులో కూర్చుని కట్టుకున్న మాటలన్నీ పోయాయి. "ఆరోజు నేను చేసింది శానా తప్పు. మనసులో పెట్టుకోవద్దు" అన్నాను.

అతను ఒక పటానికి అంటిన దుమ్ము తుడుస్తూ విన్నాడు.

"నలుగురిలో మూట విప్పిస్తిరి సార్. ఈడికొచ్చి ఒంటిగా చెప్తే ఎట్ల?"

తుడిచిన పటాన్ని దాని చోట పెట్టాడు.

"ఆ వీడియో మా ఊర్లో గూడా చూసినారు. అందరూ మొదటి సగమే చూసినారు. నా మూట విప్పింది, జేబులు లాగింది. అది అందరికీ అర్థమైతాది. కొమ్ము పొడుగు, కొమ్ము పొట్టి అనేది ఎవురికి అర్థమైతాది సార్?"

"నువ్వు తీయలేదని తేలిపోయింది కదా" అన్నాను. ఆ మాట అంటుంటేనే అది ఎంత పనికిమాలినదో నాకు తెలిసింది.

"తేలినాక గూడా మీ గ్రూపాయన ఫోన్ చేసి, కొన్నాళ్ళు రావద్దప్పా అనె. నన్ను చూస్తే మీకందరికీ ఇబ్బందంట." అతను మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. "నేను నకిలీలు అమ్ముతానని మీకు కోపం. యాత్రికులకు గుర్తుగా ఇస్తా, అసలువని ఎప్పుడూ చెప్పల్యా. వాళ్ళు దుడ్లు ఇస్తే తీసుకుంటా. ఒకరి కొంగులోది ఎత్తుకునే బతుకు కాదు సార్ నాది."

అంగడి ముందుకు ఎవరో వచ్చారు. అతను లేచి వాళ్ళతో మాట్లాడటంలో పడ్డాడు. నేను కాసేపు నిలబడి, చెప్పకుండానే కదిలాను. మఠం దాకా వచ్చి లోపలికి వెళ్ళలేదు. తిరుగు బస్సులో దారి పొడుగునా నా చెవులు వేడిగానే ఉన్నాయి.

తర్వాతి కలయిక, కడపవాళ్ళు పిలిస్తే, ఆ ఒక్కసారికి కడపలో జరిగింది. హాలు నిండాక లేచి నిలబడ్డాను. గార్డు స్నేహితుడికి ముందే చెప్పాను. "అయిపోయిందాన్ని ఇప్పుడెందుకు సార్ కెలుకుతారు? మీకే మంచి పేరొచ్చె కదా" అన్నాడు. ఆ మంచి పేరే కదా నన్ను నిలువనీయనిది.

నాకు కుడికన్ను సరిగ్గా కనపడదని చెప్పాను. అది దాచి ఆమె కాసు చూశానని, తప్పు చెప్పానని, చూసుకోకుండా జేబులో వేసుకున్నానని చెప్పాను. ఏ ఆధారమూ లేకుండా ఒక మనిషిని అందరి ముందూ నిలబెట్టి సోదా చేశానని, ఇంకెవరినైనా అట్లా మూట విప్పమనడానికి నాకు నోరు వచ్చేది కాదని, అతను పటాలు అమ్ముకునేవాడు కాబట్టే వచ్చిందని చెప్పాను. చివరిమాట అన్నప్పుడు ముందు వరసలో ఇద్దరు ముగ్గురు తల దించుకున్నారు. వెనక ఎవరో ఫోను చూసుకుంటున్నారు. నేను అడిగి మరీ దాన్ని వీడియో తీయించాను, గ్రూపులో పెట్టించాను. దాన్ని ఎవరూ ఎవరికీ పంపుకున్నట్టు లేదు. దాని కింద ఎవరూ ఏమీ రాయలేదు. మా ఆవిడ మాత్రం చూసి, "ఆపరేషన్‌కు ఎప్పుడు పోదాం?" అంది.

ఆపరేషన్ అయింది. కన్ను తేటపడింది. మబ్బు విడిచిన ఆ కంటితో మొదట అద్దంలో నా ముఖమే చూసుకోవాల్సి వచ్చింది. ఇంత ముసలివాణ్ణయ్యానా అనిపించింది.

వ్యాపారి చాలా నెలలు రాలేదు. గ్రూపులో అతనికి ఫోన్ చేసి రమ్మని చెప్పమని నేను పోరగా పోరగా, ఒకరు చేశారు. వస్తానని గానీ రానని గానీ అతను అనలేదట. ఒక ఆదివారం, వానాకాలం చివర్లో, వచ్చాడు. హాలు చివర, తలుపు దగ్గర గుడ్డ పరుచుకున్నాడు. పోతపోసినవి వేరే పళ్ళెంలో పెట్టి "గుర్తు కోసం" అని అట్ట రాసి పెట్టుకున్నాడు. నేను దగ్గరికి వెళ్ళి పలకరించాను. "బాగుండారా సార్?" అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఆ తర్వాత వచ్చిన ప్రతిసారీ అంతే. పలకరిస్తే పలుకుతాడు.

మొన్న కలిసినప్పుడు అతనే నా బల్ల దగ్గరికి వచ్చాడు. చేతిలో అరిగిన కాసు ఒకటి ఉంది. ఆదోని దిక్కున ఎవరో ఇంటి పునాది తవ్వుతుంటే దొరికిందట.

"ఇది ఏ అచ్చో చూస్తారా సార్?"

చెయ్యి చాచాను. అతను వెంటనే ఇవ్వలేదు. పక్క బల్ల దగ్గరున్న గార్డును పిలిచాడు. "అన్నా, రొంత ఈడికి రాన్నా. సారు చూసేదాకా ఈడ నిలబడు."

గార్డుకు ఏం చెయ్యాలో తోచలేదు. నా వైపు చూశాడు. నేను నా సంచి తీసి కుర్చీ కింద పెట్టాను. వ్యాపారి కాసును నల్లగుడ్డ మధ్యలో పెట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, నా వేళ్ళ వైపే చూస్తూ నిలబడ్డాడు. గార్డు అతని పక్కనే నిలబడ్డాడు. టార్చి వెలిగించి వాలుగా పట్టాను. వాళ్ళిద్దరూ చూస్తుండగా, తొందరపడకుండా, కొమ్ము కోసం వెతకడం మొదలుపెట్టాను.